మామయ్య బిగించిన రెసిస్టర్

నలభై వోల్టులు. కరెంటు దారిలో కాపలాకి కట్టిన సీరీస్ బల్బు వెలగలేదు, భగ్గున వెలిగిందంటే లోపల ఎక్కడో షార్టయినట్టు, అంటే కొంప మునిగినట్టు, అందుకని అతను బల్ల ముందు స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఆ బల్బు వంకే చూస్తున్నాడు. పది దాటి రెండు నిమిషాలైంది. అత్తయ్య పదకొండుకి వస్తానంది. వస్తానంటే వస్తుంది, అదీ ఐదు నిమిషాలు ముందే వస్తుంది, ముప్పై ఎనిమిదేళ్లు రికార్డింగుల్లో స్టీల్ గిటార్ వాయించిన మనిషి, ఆలస్యంగా వచ్చేవాళ్లని ఆవిడ మనుషుల్లో లెక్కెయ్యదు. ఈలోగా ఈ వాల్వ్ యాంప్లిఫైయర్ నిద్ర లేవాలి. మూడేళ్లుగా ఆవిడ వెనక గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నదాన్ని ఒక్కసారిగా రెండొందల ముప్పై వోల్టుల మీద నిలబెడితే ట్రాన్స్‌ఫార్మర్‌లో చేరిన చెమ్మ ఊరుకోదు, అందుకే ఈ వేరియాక్, పిడి తిప్పిన కొద్దీ కరెంటుని కొంచెం కొంచెంగా వదిలే గుండ్రటి మర, ఐదు నిమిషాలకోసారి ఓ పదిహేను వోల్టులు పెంచడం, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకోవడం. కంపెనీ ట్రాన్స్‌ఫార్మరయితే ఇంత భయపడడు. ఇది మామయ్య ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టి చేత్తో చుట్టినది. కాలిపోతే ఇంకోటి చుట్టడానికి మామయ్య లేడు, పోయి పదేళ్లు. ఈ షాపు ఆయనదే, ఈ బల్ల ఆయనదే, వేరియాక్ ఆయనదే, అతనికి 'ఫ్యూజు' అని పేరు పెట్టిందీ ఆయనే, ఇరవయ్యేళ్ల వయసులో పనిలో చేరిన మొదటి రోజే రెండు వైర్లు తారుమారు చేసి ఇంటితో పాటు పక్కింటిని కూడా చీకటి చేసినందుకు. ఇప్పుడు యాభై నాలుగొచ్చి జుట్టంతా ఊడినా అత్తయ్యకి అతను ఫ్యూజే. మూడేళ్ల కింద బాత్రూంలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న అత్తయ్య, ఎముక అతికినా పట్టు రాని అత్తయ్య, పోయిన వారం ఇదే గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి వాయించి చూస్తాన్రా ఫ్యూజూ. చెయ్యి మాట వింటే సరే. వినకపోతే గిటార్ కూడా నీ దగ్గరే పెట్టేసుకో, నేను మళ్లీ అడగను," అంది. అడగదు. ఆవిడ సంగతి అతనికి తెలుసు. వద్దనుకుందంటే వద్దే.

డెబ్బై. యాంప్లిఫైయర్ రేకు చట్రం, చాసీ, వెల్లకిలా పడుకుని ఉంది, లోపలంతా కనిపిస్తోంది, ఎన్నిసార్లు చూసినా మళ్లీ చూడాలనిపించే పని. వైర్లు ఒకదాని మీదొకటి ఎక్కకుండా పక్కపక్కనే పోతాయి, మూల తిరిగే చోట అన్నీ ఒకేసారి తిరుగుతాయి, జానెడుకో చోట మైనం పూసిన దారంతో ముడి, ఆ ముళ్లు కూడా అన్నీ ఒక్క వైపుకే. సోల్డర్ చుక్కలు ఎక్కడా బొట్టు కట్టలేదు, ఎక్కడా చాలలేదు. మొదట ఇది ఏదో సినిమా హాలు వాళ్లు పారేసిన యాంప్లిఫైయర్, గొంతు బొంగురు, మామయ్య తెచ్చుకుని గుల్ల మాత్రం ఉంచి లోపలంతా తిరగరాశాడు. అలాంటి దాని మీద చెయ్యి వెయ్యాలంటే ఎవడికైనా జంకుగా ఉంటుంది. ఉండాలి. అతనికి మాత్రం పోయిన వారం ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, మూడు రోజులు కూర్చుని శుభ్రం చేసేశాడు. స్టీల్ గిటార్‌కి కావలసింది శుభ్రత, ఈ పని చేసేవాళ్లెవర్నడిగినా అదే చెబుతారు, మామూలు గిటార్‌కి యాంప్లిఫైయర్ కాస్త గరగరలాడితే అదొక రుచి, స్టీల్‌కి అలా కుదరదు, తీగ మీద కడ్డీ జారుతూ స్వరం నుంచి స్వరానికి సాగుతూ పోతుంది, మధ్యలో ఎక్కడ మురికి తగిలినా చెవికి తెలిసిపోతుంది. అందుకని పాత కెపాసిటర్లు తీసి కొత్తవి, మొదటి వాల్వ్ మరీ దూకుడుగా ఉందని దాని బదులు నెమ్మదైన వాల్వ్, కరెంటుని సాపు చేసి పంపే పెద్ద వాల్వ్ తీసేసి అడుగున రెండు డయోడ్లు, గోళ్లంత ఉంటాయి, అలసట ఎరగవు. ఆ వాల్వ్ వెనకే, మామయ్య గీసిన సర్క్యూట్ మ్యాపులో ఎక్కడా లేని ఇటుక రంగు రెసిస్టర్ ఒకటి, వేలంత పొడుగు, దారిలో అడ్డంగా కూర్చుని ఉంది. దాన్ని చూసి అతను నవ్వుకున్నాడు కూడా. పాపం మామయ్య, ఆ రోజుల్లో సరైన ట్రాన్స్‌ఫార్మర్ కొలత కుదరక వోల్టేజి ఎక్కువై, చేతికందిన రెసిస్టర్ తగిలించి సర్దుకున్నాడు కాబోలు అనుకున్నాడు. కటకట కత్తిరించి రేకు డబ్బాలో పడేశాడు. మామయ్య పనిలో తనకో లోపం దొరికిందని, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు, కాస్త సంతోషపడ్డాడు.

వంద. వాల్వుల లోపల తీగలు కనీకనబడకుండా ఎర్రబడ్డాయి. వేడెక్కిన దుమ్ము వాసన, పాత వార్నిష్ వాసన, ఇదే వాసన అత్తయ్య వాయించే రికార్డింగ్ స్టూడియోలో ఉండేది, మూడో అంతస్తు, లిఫ్టు ఎప్పుడూ పనిచెయ్యదు, పద్దెనిమిది కిలోల ఈ పెట్టెని భుజానికెత్తుకుని అతను ముందు, గిటార్ పెట్టె పట్టుకుని అత్తయ్య వెనక, "గోడకి తగిలించావంటే చూడు" అని మెట్టు మెట్టుకీ హెచ్చరిక. లోపల ముప్పై మంది వాద్యగాళ్లు. వయొలిన్ వాళ్లు వరసగా వీపులు నిటారుగా పెట్టి కూర్చునేవాళ్లు, ఒళ్లో బల్లలాంటి గిటార్ పెట్టుకుని మూల కుర్చీలో కూర్చునే ఆవిడ వంక తల తిప్పి చూసే తీరిక వాళ్లకి ఉండేది కాదు. ఎర్ర దీపం వెలిగేది. అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. అప్పుడు అత్తయ్య ఎడంచేతి కింద ఉక్కు కడ్డీ కదిలేది, కదిలిందని చెప్పడం కూడా కష్టం, కళ్లార్పకుండా చూస్తున్నా ఎప్పుడు కదిలిందో తెలిసేది కాదు, కుడిచేతి బొటనవేలు తీగని తాకేది, తాకినప్పుడు ఏమీ వినిపించేది కాదు, నిజంగా ఏమీ, ఒక అరక్షణం, ఆవిడ మర్చిపోయిందా ఏమిటి అని గుండె జారేంతసేపు. ఆ తరవాత వచ్చేది. అడుగునుంచి లేచేది, లేస్తూ వెడల్పయ్యేది, గదంతా సర్దుకునేది, మళ్లీ ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియకుండా ఆగేది. మైకు దగ్గర తల్లో వేలు పెట్టి గోక్కునే ఆ సంగీత దర్శకుడు, ఎవర్నీ మెచ్చుకోని పెద్దమనిషి, ఒకరోజు కర్ర కింద పెట్టేసి వయొలిన్ల వైపు తిరిగి, "విన్నారా? ఆ గిటార్ గాలి పీల్చుకుని పాడుతోంది. మీరు పీల్చుకోకుండానే అరుస్తున్నారు," అన్నాడు. ఆ రోజు మెట్లు దిగేటప్పుడు పెట్టె బరువే తెలియలేదు అతనికి. అత్తయ్య మాత్రం ఏమీ జరగనట్టు, "గోడ, గోడ" అంటూనే దిగింది. ఎంత గొప్ప మనిషి పక్కన నడుస్తున్నాడో అప్పుడు సగమే తెలుసు, మిగతా సగం తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

నూట పాతిక. బల్బు బద్ధకంగా ఎర్రబడింది, ఫర్వాలేదు, అంతే ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించి చూశాడు, గోరువెచ్చగా ఉంది, మంచిదే. గాలి పీల్చుకుని పాడుతోంది. బాగానే అన్నాడు పెద్దమనిషి, కానీ ఎలా పీల్చుకుంటుంది? తీగ మీటామంటే మీటిన క్షణంలోనే దాని బలమంతా, అక్కణ్ణించి దిగడమే తప్ప ఎక్కడం ఉండదు. ఎక్కించాలంటే కాలి కింద వాల్యూం పెడలు పెట్టుకుంటారు స్టీల్ వాయించేవాళ్లు, పెడలు మూసి మీటి, మెల్లగా తెరుస్తారు. అత్తయ్య పెడలు వాడలేదు, ఒకసారి ఎవరో తెచ్చి ఇస్తే, "కాలితో సంగీతమేమిటి, నేనేమన్నా కుట్టుమిషను తొక్కుతున్నానా?" అని వెనక్కి పంపేసింది. మరి ఆ స్వరం ఎలా లేచేది? చెయ్యి, అంతా ఆవిడ చేతిలోనే ఉంది అనుకునేవాడు ఇన్నాళ్లూ, అనుకోవడానికి అది తేలిక, గొప్పవాళ్ల విషయంలో చెయ్యి అనేస్తే ఇక ఆలోచించక్కర్లేదు. చెయ్యే అయితే ఇంట్లో మామూలు రేడియోకి తగిలించి వాయించినప్పుడు కూడా లేవాలి కదా. లేచేది కాదు. టక్కుమని తగిలి దిగిపోయేది, ఆవిడే మొహం చిట్లించుకునేది. అయితే మిగతాది ఈ పెట్టెలో ఉంది. ఈ పెట్టెలో ఎక్కడ?

ఒక మధ్యాహ్నం. ఎందుకు గుర్తొస్తోందో తెలియదు, కిటికీ తెర పసుపు రంగుది, భోజనాలయ్యాయి, అతను ఏదో తాళం చెవి కోసం వాళ్లింటికి వెళ్లాడు. అత్తయ్య మంచం అంచున గిటార్ పెట్టుకుని కూర్చుంది, మామయ్య నేల మీద ఈ చాసీ ముందు, సోల్డరింగ్ కడ్డీ చేతిలో, కళ్లు మూసుకుని. ఆవిడ ఒక్కటే స్వరం మీటుతోంది. ఆయన కళ్లు తెరిచి ఏదో ఊడదీసి, ఇంకేదో తగిలించి, "మళ్లీ" అంటున్నాడు. ఆవిడ మళ్లీ అదే. ఇరవైసార్లు, ముప్పైసార్లు. "నా వేలు అరిగిపోతోంది, మీకు చెవులున్నాయా లేవా?" అని ఆవిడ, "నువ్వు అలసిపోయినప్పుడు వాయించే స్వరమే నాకు కావాలి" అని ఆయన, పెళ్లయి పదిహేనేళ్లయినా ఇద్దరికీ ఆ సరసం ఏమిటో అని సిగ్గుపడి అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఒకసారి స్వరం లేచింది. ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు, ఆవిడ ఇంకోసారి మీటింది, మళ్లీ లేచింది. ఆయన, "తాళం చెవి మేకుకుంది, తీసుకెళ్లు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. ఆయన పక్కన నేల మీద గుడ్డ పరిచి ఉంది. గుడ్డ మీద, చిన్నదానినుంచి పెద్దదాని దాకా, వరసగా, ఇటుక రంగువి, వేలంతేసి పొడుగు. ఏడో ఎనిమిదో. వరస మధ్యలో ఒకటి ఖాళీ.

అతను స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు.

సర్దుకోవడమా? మామయ్యా? వైరు ముళ్లన్నీ ఒక్క వైపుకి ఉండాలని విప్పి మళ్లీ కట్టిన మనిషి చేతికందింది తగిలించి సర్దుకుంటాడా? ఎనిమిదింట్లో ఒకటి ఏరుకున్నాడు, భార్య చేతికి కొలిచి ఏరుకున్నాడు, గట్టిగా మీటగానే యాంప్లిఫైయర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ఆ రెసిస్టర్ అడ్డం కూర్చుని అడిగినంతా ఇవ్వదు, వోల్టేజి కాస్త కుంగుతుంది, మీటిన దెబ్బ మెత్తబడిపోతుంది, మరుక్షణం తేరుకుంటుంది, తేరుకుంటూ స్వరాన్ని పైకి లేపుతుంది. అలసిపోయే వాల్వ్, అడ్డుపడే రెసిస్టర్, రెండూ కలిసి ఊపిరి. ఇంత సులువు, ఇంత తెలివి, ఎవరికీ చెప్పలేదు, మ్యాపులో గీయలేదు, స్టూడియోలో సంగీత దర్శకుడు ఆ మాట అన్నాడని తెలిసినప్పుడు కూడా "అంతా మీ అత్తయ్య చెయ్యేరా" అని తప్పుకున్నాడు. దాన్ని ఈ మేధావి, ఈ ఫ్యూజు, అలసట ఎరగని డయోడ్లు పెట్టి, కత్తిరించి, డబ్బాలో పడేసి, పైగా జాలి పడ్డాడు. పాపం మామయ్య అట! చెవులు వేడెక్కాయి అతనికి. పది ముప్పై మూడు. ఇలాగే వదిలేస్తే పదకొండుకి అత్తయ్య మీటుతుంది, టక్కుమని తగిలి దిగిపోతుంది, చెయ్యి పోయింది అనుకుంటుంది. యాంప్లిఫైయర్ని అనుమానించదు, భర్త కట్టిన పెట్టెని ఆవిడ చచ్చినా అనుమానించదు. గిటార్ పక్కన పెట్టి మెట్లు దిగి వెళ్లిపోతుంది.

స్విచ్చి కట్టేశాడు. కెపాసిటర్లలో నక్కిన కరెంటుని వైరుతో నేలకి దింపాడు, ఒకసారి చిటుక్కుమంది, రెండోసారి దింపాడు, తొందరలో చచ్చేవాళ్లంతా రెండోసారి దింపనివాళ్లే అనేవాడు మామయ్య. డబ్బాని బల్ల మీద బోర్లించాడు. తుంపులు, పాత సోల్డర్, విరిగిన మేకులు, వాటి మధ్యన ఇటుక రంగు. రెండు కాళ్లూ మొదలంటా కత్తిరించేశాడు, ఎంత శుభ్రంగా కత్తిరించాడో దరిద్రుడు, అతకడానికి రవ్వంత మిగిలింది. రాగి తీగతో కాళ్లు పొడిగించి, దాని చోట దాన్ని బిగించాడు. డయోడ్లు ఊడాయి. పెద్ద వాల్వ్ దాని గూట్లోకి వెళ్లింది. పది నలభై మూడు.

అక్కడితో అయిపోయిందనుకుని చెమట తుడుచుకోబోయాడు. కాలేదు. మామయ్య కొలిచింది నలభై ఏళ్ల ఆడమనిషి చేతిని, మూడంతస్తులు గిటార్ మోసిన చేతిని. పోయిన వారం ఇదే గదిలో నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది అత్తయ్య. ఆ వేలు ఇప్పుడు మీటితే యాంప్లిఫైయర్‌కి పట్టదు, లాగాల్సినంత కరెంటు లాగదు, ఏదీ కుంగదు, ఏదీ లేవదు. ఉన్నదున్నట్టు తిరిగి పెట్టేస్తే మామయ్యకి దణ్ణం పెట్టినట్టు ఉంటుంది గానీ అత్తయ్యకి ఒరిగేదేమీ లేదు. మామయ్యే ఉంటే ఏం చేసేవాడు? పాతదాన్ని చూసి మురిసిపోతూ కూర్చునేవాడా? ఆవిడ్ని మంచం అంచున కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని, ఈ కొత్త చేతిని మళ్లీ మొదటినుంచీ వినేవాడు. సరే. నెమ్మదైన వాల్వ్ పీకేసి దూకుడు వాల్వే పెట్టాడు, అది చాలదని దాని కింద చిన్న కెపాసిటర్ ఒకటి కలిపాడు, గుసగుస చెప్పినా అరుపులా వినేటట్టు. పెద్ద గొంతుకి వెయ్యి మంది చెవులొగ్గుతారు, చిన్న గొంతుకి ఈ ఒక్క పెట్టె అయినా చెవి ఒగ్గాలి. తరవాత సొరుగు లాగి, రెసిస్టర్లు వరసగా బల్ల మీద పెట్టాడు. ఏది? మీటి చూపించేవాళ్లు లేరు, చూసే టైము లేదు. కళ్లు మూసుకున్నాడు. గ్లాసు పట్టుకున్న ఆ రెండు చేతులు, గ్లాసు బల్ల మీద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా ఆవిడ ఆగిన ఆ క్షణం. అంతసేపు. మూడోది తీసి, మామయ్యదాన్ని కదపకుండా, దాని కాలికే కాలు కలిపి బిగించాడు, చిన్న దెబ్బకి కూడా వోల్టేజి కుంగేటట్టు. ఆయన సోల్డర్ పక్కన తన సోల్డర్. తనది కొంచెం లావైంది. పోనీ.

మెట్ల మీద అడుగులు. పది యాభై ఐదు.

అత్తయ్య లోపలికి వచ్చి, చెప్పులు ఓ మూల విడిచి, గిటార్ పెట్టె బల్ల మీద పెట్టి, చుట్టూ ఒకసారి చూసింది. "ఏరా, మొహం అలా ఉందేం? కాల్చేశావా?"

"లేదత్తయ్యా. పది నిమిషాలు కూర్చో, మెల్లగా ఎక్కించాలి."

"నేనెక్కడికి పోతాను," అంది. కుర్చీలో కూర్చుని గిటార్ ఒళ్లోకి తీసుకుంది. వేళ్లకి మీటే తొడుగులు పెట్టుకుంటుంటే రెండోది జారి కింద పడింది, అతను వంగి తీసిచ్చాడు. నూరు. నూట నలభై. ట్రాన్స్‌ఫార్మర్ ఇందాకటి వెచ్చదనంతోనే ఉంది, అదృష్టం. నూట ఎనభై. పెద్ద వాల్వ్ నారింజ రంగులో వెలిగింది. రెండొందల ముప్పై. బల్బు శాంతంగా ఉంది. స్పీకర్‌లో సన్నటి గుయ్యిమనే చప్పుడు. అతను వాల్యూం సగానికి తిప్పి, వెనక్కి జరిగి, గోడకి ఆనుకున్నాడు. భయంగా ఉంది, చిన్నపిల్లాడిలా భయంగా ఉంది.

ఆవిడ కడ్డీ తీగల మీద పెట్టింది. ఎడంచెయ్యి ఎప్పటిలాగే రాయిలా స్థిరంగా ఉంది, కుడిచెయ్యి మాత్రం తీగ మీద తారట్లాడింది. మీటింది. మీటిందా? ఏమీ వినిపించలేదు. ఆవిడ తల వంచుకుంది, అతను కళ్లు మూసుకున్నాడు, అయిపోయింది అనుకున్నాడు, ఆ తరవాత వచ్చింది. అడుగునుంచి, తొందర లేకుండా, లేస్తూ, లేస్తూ, బల్ల మీద స్క్రూలు సన్నగా అదిరేదాకా, గదంతా సర్దుకునేదాకా. ఆవిడ కడ్డీ జరిపింది, స్వరం ఎక్కడా తెగకుండా దాని వెంట నడిచింది. పూర్వం కంటే సన్నంగా ఉంది, పూర్వం కంటే ఆలస్యంగా వస్తోంది, ఇంత బావుంటుందని అతను అనుకోలేదు. ఇంకొకటి. ఇంకొకటి. పాటేమీ కాదు, ఊరికే పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, మూడేళ్ల తరవాత ఇల్లు తెరిచి గది గదికీ తిరిగి చూసుకున్నట్టు. అతనికి ఏడుపొచ్చింది, తుడుచుకోలేదు, ఆవిడ ఎలాగూ ఇటు చూడటం లేదు.

ఎంతసేపు వాయించిందో, ఆగింది. వంగి, రెండో తీగ ఒక్కదాన్నే వేలి కొసతో మీటి, తీగకి చెవి ఒగ్గి విని, మొహం చిట్లించింది. అతను గోడ వదిలి ఓ అడుగు ముందుకేశాడు.

"ఫ్యూజూ, ఈ తీగలకి తుప్పు పట్టిందిరా. కొత్త సెట్టు తెప్పించు."

"అలాగే అత్తయ్యా."

"ఒకటెక్కడ చాలుతుంది," అంది ఆవిడ, కడ్డీ మళ్లీ తీగల మీద పెడుతూ. "రెండు తెప్పించు."